‘ఏమీ దొరకలేదు’ అన్న వార్తను ఇంకొంచెం వివరంగా రాయండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

గత నెలలో మీ పత్రిక లోపలి పుటలో, వెలుగివ్వక కంటికి కనబడని కృష్ణ పదార్థం కోసం భూగర్భంలో సాగుతున్న ఒక అన్వేషణ గురించి రెండు పేరాల వార్త వచ్చింది. ‘కోట్లు ఖర్చు, ఫలితం శూన్యం’ అని దానికి శీర్షిక పెట్టారు. కణం కనబడని మాట నిజమే కాబట్టి వార్తను తప్పు పట్టలేను. నేను కుప్పంలో ముప్ఫై ఏళ్లు ఇంటర్, డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నా దగ్గర చదువుకుని, ఇప్పుడు ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతున్న అబ్బాయి ఆ వార్త కత్తిరించి జేబులో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. “పిల్లలు అడుగుతున్నారు సార్, ఇన్నేళ్లుగా ఏమీ దొరక్కపోతే ఇంకా ఎందుకు వెతుకుతున్నారని. ఏం చెప్పమంటారు?” అన్నాడు. ఆ సాయంత్రం అతనికి చెప్పిన సంగతులనే మీ పాఠకుల కోసం రాస్తున్నాను. కొంచెం పొడుగైనా ప్రచురించగలరని ఆశ.

కృష్ణ పదార్థం ఉందని ఎందుకు అనుకుంటున్నారన్న విషయం మీ పాఠకులు చాలాసార్లు చదివే ఉంటారు. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా గెలాక్సీ సమూహంలోను, 1970 దశకంలో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ విడివిడి గెలాక్సీలలోను గమనించింది ఒకటే: కంటికి కనిపించే పదార్థపు ఆకర్షణ ఒక్కటే పనిచేస్తుంటే అంత వేగంతో తిరిగేవి ఎప్పుడో చెల్లాచెదురై పోవాలి. ప్లాంక్ ఉపగ్రహం కొలతలను బట్టి విశ్వంలోని పదార్థంలో సుమారు 85 శాతం మనకు తెలియని ఈ రకానిదే. అది కణాల రూపంలో ఉండి పాలపుంతంతా పరుచుకుని ఉంటే, సూర్యుడి వెంట సెకనుకు సుమారు 220 కిలోమీటర్ల వేగంతో పోతున్న మన భూమి రాత్రింబవళ్లు దాని మధ్య నుంచే పోతూ ఉండాలి. ఆ కణాలలో ఏ ఒక్కటైనా ఎప్పుడో ఒకప్పుడు ఒక పరమాణు కేంద్రకానికి తగిలి, దాన్ని పిసరంత కదిలించి పోతుందన్న ఆశ మీదే ఈ భూగర్భ ప్రయోగాలన్నీ నడుస్తున్నాయి.

ఆ పిసరంత కదలికను పసిగట్టడం ఎంత కష్టమో మీ వార్తలో లేదు. మామూలు వేడిలో ఉన్న ఏ వస్తువులోనైనా పరమాణువులు వాటంతట అవే ఊగిసలాడుతూ ఉంటాయి. అందులో ఒక కేంద్రకం తిన్న చిన్న దెబ్బను వెతకడం తిరునాళ్ల గోలలో చీమ నడక వినబోవడం లాంటిది. అందుకే ఆ దెబ్బ తగలడం కోసం పెట్టే జెర్మేనియం, సిలికాన్ వంటి స్ఫటికాన్ని, అంతకన్నా చలి ఉండని పరమశూన్య ఉష్ణోగ్రతకు పైన డిగ్రీలో కొన్ని వందో వంతుల దాకా చల్లబరుస్తారు. నక్షత్రాల నడుమ ఉండే ఖాళీ ప్రదేశపు ఉష్ణోగ్రత 2.7 కెల్విన్ అనుకుంటే, ఇది దానికన్నా వంద రెట్లు చల్లన. చలి వల్ల గోల తగ్గడమే కాకుండా మరో మేలు కూడా ఉంది. ఇలాంటి స్ఫటికాల విశిష్టోష్ణం, అంటే ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన వేడి, అతిశీతల స్థితిలో ఉష్ణోగ్రత ఘనాన్ని అనుసరించి తగ్గుతుంది, అంటే ఉష్ణోగ్రత సగమైతే విశిష్టోష్ణం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కాబట్టి ఎంత చల్లబరిస్తే అంత చిన్న దెబ్బకే స్ఫటికం కొలవదగినంతగా వేడెక్కుతుంది. నేను తరగతిలో ఏటా నల్లబల్ల మీద రాసిన ఈ సూత్రం పరీక్ష కోసమే అనుకున్న పిల్లలు చాలామంది ఉండేవారు. సూపర్ సీడీఎంఎస్, ఎడెల్‌వైస్, క్రెస్ట్ అనే మూడు పెద్ద ప్రయోగాలకు పునాది అదే.

వీటిలో సూపర్ సీడీఎంఎస్‌ను దగ్గరగా చూద్దాం. కెనడాలో ఒంటారియో రాష్ట్రపు సడ్‌బరీ పట్టణం పక్కన, ఇంకా తవ్వకం సాగుతున్న క్రైటన్ నికెల్ గనిలో సుమారు రెండు కిలోమీటర్ల లోతున స్నోల్యాబ్ అనే ప్రయోగశాల ఉంది. శాస్త్రవేత్తలు పొద్దున్నే గని కార్మికులతో పాటు అదే లిఫ్టులో దిగి, సొరంగంలో కిలోమీటరుకు పైగా నడిచి, ప్రయోగశాల గుమ్మం దగ్గర బురద బూట్లు, గని దుస్తులు విప్పేసి, స్నానం చేసి, శుభ్రమైన దుస్తులు వేసుకుని గాని లోపలికి పోకూడదు. ఒంటికి అంటిన గని దుమ్ములో ఉండే యురేనియం, థోరియం పరమాణువులు చాలు, ప్రయోగాన్ని పాడుచేయడానికి. ఆ లోపల 24 స్ఫటికాలను ఆరేసి చొప్పున నాలుగు దొంతరలుగా పేర్చే ఏర్పాటు చేశారు. జెర్మేనియం స్ఫటికం ఒక్కోటి 10 సెంటీమీటర్ల వ్యాసంతో, 3 సెంటీమీటర్ల పైచిలుకు మందంతో, 1.4 కిలోల బరువుతో, అంటే ఒక బెల్లం అచ్చు పరిమాణంలో ఉంటుంది. సిలికాన్ స్ఫటికం అదే పరిమాణంలో 0.6 కిలోలు తూగుతుంది. స్ఫటికం ముఖం మీద సన్నని టంగ్‌స్టన్ పొరను అతివాహకంగా (విద్యుత్ నిరోధమే లేనిదిగా) మారీ మారని అంచున నిలబెడతారు. లోపల ఒక కేంద్రకం కదిలితే పుట్టే కంపనం ఆ పొరను చేరగానే, దాని విద్యుత్ నిరోధం చప్పున పెరుగుతుంది. కనబడేది ఆ పెరుగుదలే. వీటిలో కొన్ని స్ఫటికాలలో దానితో పాటే విడుదలైన విద్యుదావేశాన్ని కూడా కొలుస్తారు. మామూలు గామా కిరణం ఎలక్ట్రాన్‌ను తాకుతుంది కనుక ఆవేశం ఎక్కువ విడుదలవుతుంది. కేంద్రకానికి తగిలిన దెబ్బ అయితే, జెర్మేనియంలో అదే శక్తికి ఆవేశం సుమారు మూడో వంతే ఉంటుంది. కంపనాన్ని, ఆవేశాన్ని పక్కపక్కన పెట్టి చూసి, ఏది దొంగో ఏది దొరో తేలుస్తారు.

ఇంత లోతుకు ఎందుకు దిగాలో ఒక్క లెక్కతో చెప్పవచ్చు. ఆకాశం నుంచి రాలే మ్యూయాన్ కణాలు నేల మీద చదరపు మీటరుకు నిమిషానికి సుమారు పది వేలు పడుతుంటాయి. స్నోల్యాబ్‌లో అదే చదరపు మీటరుకు మూడు నాలుగు రోజులకు ఒక్కటి పడితే ఎక్కువ. అయితే పైనుంచి వచ్చేది ఆగినా, చుట్టూ ఉన్న రాతి నుంచి, గాలిలోని రేడాన్ వాయువు నుంచి, చివరికి ప్రయోగం కోసం కట్టిన రాగి, సీసం కవచాల నుంచి కూడా రేడియోధార్మికత వస్తూనే ఉంటుంది. రక్షణ కోసం అడ్డం పెట్టే సీసంలోనే సీసం-210 అనే రేడియోధార్మిక రూపం ఉంటుంది. దాని అర్ధజీవిత కాలం సుమారు 22 ఏళ్లు. నిన్న కరిగించిన సీసంలో అది ఉంటుంది, రెండు వేల ఏళ్ల కిందటి సీసంలో ఉండదు. అందుకే ఇటలీలో గ్రాన్ సాసో పర్వతం కింద, క్యూవోరే అనే మరో అతిశీతల స్ఫటికాల ప్రయోగానికి, సార్డీనియా తీరంలో మునిగిన రోమన్ల కాలపు ఓడ నుంచి తీసిన సీసపు దిమ్మెలను వాడారు. ఆ దిమ్మెల మీద ఆనాటి వాళ్లు అచ్చువేసిన రాతలను చరిత్రకారుల కోసం జాగ్రత్తగా కోసి పక్కన పెట్టి, మిగిలినదాన్నే కరిగించారు. ఒక నిశ్శబ్దమైన పెట్టె తయారు చేయడానికి మనుషులు ఇంత శ్రమ పడ్డారన్న సంగతి విని మా అబ్బాయి, అదే ఆ సైన్సు టీచరు, కాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇలాంటి చోట ఒక సంకేతం కనబడితే ఏం చేస్తారు? స్నోల్యాబ్‌కు ముందు ఇదే బృందం అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, సూడాన్ అనే పాత ఇనుప గనిలో సుమారు 700 మీటర్ల లోతున పనిచేసింది. సంకేతాలు ఉండగల భాగాన్ని తామే చూడకుండా మూసిపెట్టుకుని, ఏది లెక్కలోకి తీసుకోవాలో ఏది తోసేయాలో నియమాలన్నీ ముందే రాసుకుని, ఆ తర్వాతే తెరిచారు. కళ్లు ముందే చూసేస్తే మనసు తనకు కావలసిన దాన్ని వెతుక్కుంటుందన్న భయంతో పెట్టుకున్న కట్టుబాటు అది. 2009 డిసెంబరులో ప్రకటించిన ఫలితంలో రెండు సంకేతాలు మిగిలాయి. అప్పటికే ప్రపంచమంతా పుకార్లు, కృష్ణ పదార్థం దొరికిపోయిందని. కానీ ఆ బృందం చెప్పిన మాట వేరు. మామూలు కారణాల వల్లే సగటున 0.9 సంకేతం రావచ్చని తాము ముందే అంచనా వేశామని, ఆ లెక్కన రెండు గాని అంతకన్నా ఎక్కువ గాని యాదృచ్ఛికంగా రావడానికి 23 శాతం అవకాశం ఉందని, కాబట్టి దొరికిందని తాము అనలేమని చెప్పారు. 2013లో సిలికాన్ స్ఫటికాలలో మూడు సంకేతాలు కనబడినప్పుడూ ఇదే నిగ్రహం పాటించారు. ఆ తర్వాత మరింత సున్నితమైన ప్రయోగాలలో అవి నిలబడలేదు. ఏళ్ల తరబడి గనిలో గడిపినవాళ్లకు, పేరు ప్రపంచమంతా మారుమోగగల క్షణం అరచేతిలోకి వచ్చినప్పుడు, ‘మా లెక్క ప్రకారం ఇది చాలదు’ అని చెప్పడం ఎంత కష్టమో ఊహించండి. మా పిల్లలకు నేను చెప్పదలచుకున్న సైన్సు అదే.

మరో ఉదాహరణ నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. గ్రాన్ సాసోలోని క్రెస్ట్ బృందం తొలి రోజుల్లో నీలమణి స్ఫటికాలతో పనిచేస్తుండగా, రావలసినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సంకేతాలు వచ్చాయి. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, స్ఫటికాన్ని కదలకుండా బిగించి పట్టుకున్న చోట కంటికి కనబడనంత చిన్న పగుళ్లు పడుతున్నాయి. ఒక్కో పగులూ ఒక్కో సంకేతం. వాటి తీవ్రతలను లెక్కగడితే భూకంపాల తీవ్రతలు పాటించే సూత్రాన్నే అవీ పాటించాయి. పట్టు మార్చారు, సంకేతాలు తగ్గాయి. ఆ తర్వాత పరికరాలు మరింత సున్నితమయ్యాయి. 2019లో ప్రచురించిన ఫలితంలో క్రెస్ట్ వాళ్లు 23.6 గ్రాముల కాల్షియం టంగ్‌స్టేట్ స్ఫటికంలో 30 ఎలక్ట్రాన్ వోల్టుల (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే అతి చిన్న ప్రమాణం అది) శక్తి దాకా కిందికి దిగగలిగారు. అక్కడ, 200 ఎలక్ట్రాన్ వోల్టుల కింద, ఎవరికీ అర్థం కాని సంకేతాల గుంపు మళ్లీ ఎదురైంది. అలాంటివే వేర్వేరు దేశాలలో, వేర్వేరు స్ఫటికాలలో కనబడ్డాయి. అన్ని చోట్లా ఒకే కృష్ణ పదార్థం తాకుతుంటే ఆ లెక్కలన్నీ ఒకదానితో ఒకటి పొసగాలి. పొసగలేదు. పైగా స్ఫటికాన్ని చల్లబరిచి ఉంచి రోజులు గడిచేకొద్దీ ఆ సంకేతాలు తగ్గుతూ వచ్చాయి. ఆకాశం నుంచి వచ్చేది మన ఫ్రిజ్ ఎప్పుడు వేశామో చూసుకుని రాదు కదా. 2021 నుంచి పోటీ బృందాలన్నీ ఒకచోట కూర్చుని తమ తమ అర్థంకాని సంకేతాలను ఒకరి ముందు ఒకరు పరిచి చూసుకుంటున్నాయి. 2024లో వచ్చిన ఒక పరిశోధనలో, ఒకే రకం సిలికాన్ ముక్కలు రెండింటిలో ఒకదాన్ని జిగురుతో అంటించి, మరోదాన్ని సన్నని తీగలకు వేలాడదీసి చూశారు. జిగురుతో అంటించినదానిలో సంకేతాలు ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చాయి. చల్లబడినప్పుడు జిగురు ఒకలా, సిలికాన్ ఒకలా ముడుచుకోవడంతో లోపల బిగుసుకున్న ఒత్తిడి, తర్వాత కొంచెం కొంచెంగా సడలుతూ ఆ సంకేతాలను పుట్టిస్తోందన్నమాట. అయినా అన్ని ప్రయోగాలలోని అదనపు సంకేతాలకు ఇదొక్కటే కారణమని ఇంకా తేలలేదు.

దీని వల్ల సామాన్యులకేం లాభమని అడిగేవారి కోసం ఒక్క మాట. లెక్కలు కట్టే అతివాహక భాగాలైన క్యూబిట్‌లతో పనిచేసే క్వాంటం కంప్యూటర్లు కూడా ఇదే చలిలో, హీలియం-3, హీలియం-4 మిశ్రమంతో నడిచే ఇదే రకం శీతలీకరణ యంత్రాలలో పనిచేస్తాయి. ఒత్తిడి సడలినప్పుడు పుట్టే ఈ కంపనాలు, ఆకాశం నుంచి పడే మ్యూయాన్లు క్యూబిట్‌లను కూడా చెడగొడతాయి. అమరావతిలో క్వాంటం వ్యాలీ పెడతామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ప్రకటించింది. రేపు అక్కడ పనిచేయబోయే మన పిల్లలు ఎదుర్కొనే చిక్కులలో కొన్నింటిని గనుల అడుగున ఉన్నవాళ్లు ఈనాడే విప్పుతున్నారు.

ఇక కృష్ణ పదార్థపు కణం బరువైనదైతే దాన్ని పట్టడానికి స్ఫటికాలకన్నా టన్నుల కొద్దీ ద్రవ జెనాన్ నింపిన తొట్లే మేలు. అమెరికాలోని ఎల్‌జెడ్ ప్రయోగం 2024లో ఆ దిశలో అప్పటిదాకా ఎవరూ వేయనంత గట్టి హద్దు వేసింది. తేలిక కణాల వెతుకులాట మాత్రం అతిశీతల స్ఫటికాల వంతు. ప్రోటాన్‌లో సగం ద్రవ్యరాశి ఉన్న కణాలను కూడా పట్టుకోగలగాలన్నది సూపర్ సీడీఎంఎస్ ఉద్దేశం. ‘ఫలితం శూన్యం’ అన్న ప్రతిసారీ ఇంత ద్రవ్యరాశి గల కణం, ఇంత తరచుగా తాకేది, ఉండడానికి వీల్లేదని ఒక ప్రాంతాన్ని కొట్టివేస్తున్నారు. పొలంలో పోయిన ఉంగరాన్ని మడి తర్వాత మడి వెతుక్కుంటూ పోయేవాడికి, వెతికిన మడి మళ్లీ వెతకనక్కరలేదన్న సంగతి తెలిసినట్టు.

శూన్యం విలువ తెలియాలంటే మా ఊరికి దగ్గరలోనే ఒక చోటు ఉంది. కోలారు బంగారు గనులు మాకు కూతవేటు దూరం. తెల్లని సైనైడ్ దిబ్బలను చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగాం. మా వైపు నుంచి ఎందరో తెలుగువాళ్లు ఆ గనుల్లో పనిచేశారు. 1960 దశకం తొలినాళ్లలో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు అక్కడ ఒక్కో మట్టానికీ పరికరాలు దించుకుంటూ మ్యూయాన్లను లెక్కపెట్టారు. లోతుకు పోయేకొద్దీ అంకె తగ్గుతూ వచ్చి, 2,700 మీటర్లకు పైగా లోతున, రెండు నెలలు కాపు కాసినా ఒక్కటంటే ఒక్క మ్యూయాన్ కూడా నమోదు కాలేదు. ‘కోట్లు ఖర్చు, ఫలితం శూన్యం’ అని ఆనాడూ ఎవరైనా రాసి ఉండవచ్చు. ఆ సున్నాను చూసిన శాస్త్రవేత్తలకు మాత్రం, ఇంత నిశ్శబ్దమైన చోట ఇక ఏదైనా వినబడితే అది ఎంత రాతినైనా దాటి రాగల న్యూట్రినో అనే కణం నుంచే అయి ఉండాలన్న ఆలోచన వచ్చింది. భారత, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలు కలిసి సుమారు 2,300 మీటర్ల లోతున పరికరం నిలబెట్టి, 1965లో భూమి వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను పట్టుకున్నారు. అదే ఏడాది దక్షిణాఫ్రికా గనిలో పనిచేసిన మరో బృందం తప్ప, అప్పటికి ఆ పని చేసినవాళ్లు ప్రపంచంలో ఇంకెవరూ లేరు. ఆ పత్రం మీద ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి వంటివారి పేర్లు ఉన్నాయి. కోలారు గనులు 2001లో మూతపడ్డాయి, లోపలి సొరంగాలలో నీరు నిండింది. ఆ లోతు ఇప్పుడు మనకు లేదు. జార్ఖండ్‌లోని జాదూగూడ యురేనియం గనిలో 550 మీటర్ల లోతున 2017లో ప్రారంభమైన చిన్న ప్రయోగశాలలో మన శాస్త్రవేత్తలు కృష్ణ పదార్థం కోసం వెతుకుతున్నారు. అది స్నోల్యాబ్ లోతులో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. ఆ ప్రయోగశాల గురించి తెలుగు పత్రికలలో వివరమైన వ్యాసం నేను ఇంతవరకు చదవలేదు. మీరు రాయించగలిగితే సంతోషిస్తాను.

నా విన్నపం చిన్నదే. ఇలాంటి ఫలితం గురించి మళ్లీ రాసేటప్పుడు దయచేసి నాలుగు అంకెలు చేర్చండి: పరికరంలో ఎంత బరువున్న పదార్థం ఉంది, ఎన్ని రోజులు కాపు కాసింది, ఎంత చిన్న శక్తి దాకా వినగలిగింది, మామూలు కారణాల వల్ల ఎన్ని సంకేతాలు వస్తాయని ముందే అనుకున్నారు. ఈ అంకెలు శాస్త్రవేత్తలు ప్రచురించే పత్రాలలోనే ఉంటాయి, వార్తలో రెండు మూడు వాక్యాల కన్నా ఎక్కువ చోటు అడగవు. 2019 నాటి క్రెస్ట్ ఫలితాన్నే తీసుకుంటే, వాటిలో రెండు అంకెలతోనే ‘ఇటలీలో పర్వతం కింద 23.6 గ్రాముల స్ఫటికాన్ని పరమశూన్యం దరిదాపులకు చల్లబరిచి, 30 ఎలక్ట్రాన్ వోల్టుల దెబ్బను కూడా వినగలిగారు. ప్రోటాన్‌లో ఆరో వంతు ద్రవ్యరాశి గల కృష్ణ పదార్థ కణాల మీద కూడా హద్దులు వేశారు. 200 ఎలక్ట్రాన్ వోల్టుల కింద కనబడిన సంకేతాలకు కారణం ఇంకా తెలియలేదు, దాని కోసం వెతుకుతున్నారు’ అని రాయవచ్చు. ఆ సైన్సు టీచరు ఈ మూడు వాక్యాలను తన తరగతిలో నల్లబల్ల మీద రాశాడు. చివరి వాక్యం దగ్గర పిల్లలు ఆగి, ఆ కారణం ఏమై ఉంటుందని అడగడం మొదలుపెట్టారని నిన్న ఫోను చేసి చెప్పాడు.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
కుప్పం, చిత్తూరు జిల్లా.